బుసోగా బూరలకు రికార్డొక్కటే చాలదు

1928లో జాంజిబార్ నుంచి సితి బింతి సాద్ అనే గాయని తన వాద్య బృందంతో ఓడెక్కి బొంబాయి వచ్చింది. ఊరూరా తిరిగి కుండలు అమ్ముకుని బతికిన మనిషి. బొంబాయిలో హిజ్ మాస్టర్స్ వాయిస్ కంపెనీ ఆమె స్వాహిలీ పాటలను రికార్డు చేసింది. ఆ గ్రామఫోను ప్లేట్లు మళ్లీ ఓడెక్కి తూర్పు ఆఫ్రికా తీరమంతా అమ్ముడుపోయాయి. ఒక జాంజిబార్ ఆడమనిషి గొంతు అక్కడి ఇళ్లలో యంత్రం మీద వినపడటానికి సముద్రం దాటి మన దేశం దాకా రావలసి వచ్చింది.

సితి ప్లేట్లు బజారు కోసం చేసినవి కాబట్టి అవి తిరిగి ఆమె ఊరు చేరాయి. పరిశోధన కోసం రికార్డయిన పాటలకు ఆ భాగ్యం దక్కలేదు. 1906లో జర్మన్లు ఇప్పటి టాంజానియా దక్షిణ భాగంలో మైనపు గొట్టాల మీద ఎక్కించిన పాటలు బెర్లిన్‌లో ఉన్నాయి. 1949 నుంచి కొన్నేళ్లపాటు క్లాస్ వాక్స్‌మన్ ఉగాండా అంతటా తిరిగి చేసిన రికార్డులు లండన్ చేరాయి. 1950, 1952 సంవత్సరాల్లో హ్యూ ట్రేసీ కెన్యా, ఉగాండా, టాంగన్యికాల్లో చేసినవి దక్షిణాఫ్రికాలో ఆయన 1954లో స్థాపించిన అంతర్జాతీయ ఆఫ్రికన్ సంగీత గ్రంథాలయానికి వెళ్లాయి. రువాండా పాటలు బ్రస్సెల్స్ పక్కన టెర్వురెన్ మ్యూజియంలో చేరాయి. పాడినవాళ్ల ఊళ్లకు మాత్రం దశాబ్దాలపాటు చాలా పాటల ప్రతులు రాలేదు.

నేను చక్కెర మిల్లు ఇంజనీరుగా ఉగాండాలోని బుసోగా ప్రాంతంలో చాలా ఏళ్లు పనిచేశాను. చిన్నతనంలో సామర్లకోటలో మృదంగం నేర్చుకున్నాను. కచేరీలు చేసేంత విద్య కాదుగానీ, ఎవరు ఏం వాయిస్తున్నా చెయ్యి తొడ మీద తాళం వేస్తుంది. అక్కడ చూసినదాన్నిబట్టి, తర్వాత చదివినదాన్నిబట్టి నాకు ఒక అభిప్రాయం గట్టిపడింది. పాటను రికార్డు చేసి దాచడంతో సగం పనే అవుతుంది. ఆ రికార్డు విని ఒక కుర్రవాడు మళ్లీ వాయించగలగాలి. ఆ రికార్డు అతని ఊరికి అందుబాటులో ఉండాలి. పక్కన కూర్చుని చెయ్యి దిద్దే గురువు ఉండాలి. సంగీత పరిరక్షణ పేరుతో డబ్బు ఖర్చు పెట్టే ప్రభుత్వాలు, విశ్వవిద్యాలయాలు, దాతలు రికార్డునూ, దాని అందుబాటునూ, గురువునూ ఒకే పనిగా చూడాలి. ఇప్పటిదాకా ఎక్కువ డబ్బు మొదటి సగానికే పోయింది.

ఎందుకు అంటున్నానో చెబుతాను. మా మిల్లులో పనిచేసే ఒక ఫిట్టరు తన ఊళ్లో జరిగే వేడుకకు నన్ను తీసుకెళ్లాడు. అక్కడ ఎంబాయిరే వాయించారు. నేలలో పొడుగ్గా గొయ్యి తవ్వి, దాని రెండు అంచుల మీద అరటి బోదెలు పడుకోబెట్టి, వాటి మీద అడ్డంగా పెద్ద పెద్ద చెక్కలు పరుస్తారు. వాద్యకారులు రెండు వైపులా కూర్చుని కర్రలతో కొడతారు. కింద గొయ్యి ఉండటంతో నాదం నేలలోంచి పైకి లేస్తుంది, కూర్చున్న చోట కాళ్లకు తెలుస్తుంది. నా ఫోనులో రికార్డు చేసుకున్నాను. క్వార్టర్స్‌కి వచ్చాక ఆ వరసను పట్టుకుందామని పదే పదే విన్నాను. మధ్యలో ఒక చిన్న పాటలాంటిది స్పష్టంగా వినపడుతోంది, మళ్లీ మళ్లీ వస్తోంది. మర్నాడు షాపు ఫ్లోర్ మీద మా ఫిట్టరుకు అది వినిపించి, ఇది ఎవరు వాయిస్తున్నారని అడిగాను. “అయ్యా, అది ఎవరూ వాయించరు. అందరూ వాయిస్తే అది వస్తుంది” అన్నాడు.

అతను చెప్పినదాన్నే ఆస్ట్రియాకు చెందిన గెర్హార్డ్ కుబిక్ పరిశోధనగా రాశాడని తర్వాత తెలిసింది. ఆయన 1959-60లో కంపాలా వచ్చి ఎవారిస్తో ముయిండా దగ్గర అమడిండా నేర్చుకున్నాడు. ముయిండా ఉగాండాలో ఒక రాజ్యమైన బుగాండాలో, కబకా అని పిలిచే రాజు ఆస్థానంలో వాద్యకారుడు, ఉగాండా మ్యూజియంలో కూడా వాయించి నేర్పినవాడు. అమడిండాకు 12 చెక్కలుంటాయి. అవి కూడా అరటి బోదెల మీదే. ముగ్గురు వాయిస్తారు. ఇద్దరు ఎదురెదురుగా కూర్చుని, ఒకడి దెబ్బకూ దెబ్బకూ మధ్య ఉన్న ఖాళీలో రెండోవాడు తన దెబ్బ వేస్తాడు. మూడోవాడు కింది రెండు చెక్కల మీద పడుతున్న స్వరాలను చెవితో ఏరుకుని, వాటినే పై స్థాయిలోని రెండు చెక్కల మీద పలికిస్తాడు. అందరూ కలిస్తే నిమిషానికి 500కు పైగా దెబ్బలు పడతాయి. ఆ వేగానికి మన చెవి ఏ చెయ్యి ఏది కొడుతోందో విడదీయలేదు. హెచ్చు స్వరాలన్నిటినీ ఒక వరసగా, తగ్గు స్వరాలన్నిటినీ మరో వరసగా గుదిగుచ్చుకుంటుంది. అలా పుట్టే వరసలు ఏ ఒక్కరి చేతుల్లోనూ ఉండవు. కుబిక్ ఈ సంగతిని 1962లో ప్రచురించాడు.

దీని అర్థం ఏమిటి? ఒక్క మైకు పెట్టి మొత్తం మోతను రికార్డు చేసి, ఎంత జాగ్రత్తగా దాచినా, ఆ రికార్డు విని నేర్చుకుందామని కూర్చున్నవాడు ఎవరూ వాయించని పాటను సాధన చేస్తాడు. వింటున్నది నిజమే, కానీ దాన్ని పుట్టించే పని అందులో కనపడదు. ముయిండా పక్కన కూర్చుని ‘ముందు నీ వరస ఇది, ఇది ఒక్కటే వాయించు’ అని చెబితే తప్ప అది విడిపడదు.

కాబట్టి రికార్డు చేసే పద్ధతే మారాలి. మొత్తం బృందాన్ని ఒకసారి రికార్డు చేశాక, ఒక్కొక్క వరసనూ విడిగా రికార్డు చేయాలి. చేతులను పైనుంచి వీడియో తీయాలి. ప్రతి చెక్క శ్రుతినీ కొలిచి రాయాలి. ఏ చెట్టు కలపో, ఏ నెలలో కొట్టారో, ఎంతకాలం ఆరబెట్టారో అడగాలి. పాట మాటలను ఆ భాషలోనే, పాడినవాళ్లు ఒప్పుకునేలా రాసుకోవాలి. వాయించిన ప్రతి మనిషి పేరు, ఊరు, ఎవరి దగ్గర నేర్చుకున్నాడన్నది రాసి తీరాలి. ఇందులో కొంత పని పాతవాళ్లు చేశారు, వాళ్లకు ఆ గౌరవం దక్కాలి. ట్రేసీ తనతో శ్రుతి ఫోర్కుల పెట్టె తీసుకెళ్లి వాద్యాల శ్రుతులు కొలిచాడు. ప్రతి పాటకూ కార్డు రాశాడు. బుగాండా వాద్యాల శ్రుతులను వాక్స్‌మన్ లెక్కలతో సహా నమోదు చేశాడు. ఆ కొలతలు లేకపోతే తర్వాతి తరం అంచనాల మీద ఆధారపడాల్సి వచ్చేది.

తర్వాతి తరానికి ఆ కొలతల అవసరం ఎందుకు వచ్చిందో తెలుసుకుంటే అసలు కష్టం అర్థమవుతుంది. బుగాండాలో రాజుగారి వాద్యకారులు ఫలానా ఊళ్ల నుంచి, ఫలానా కుటుంబాల నుంచి వంతులవారీగా వచ్చి మెంగో కోటలో వాయించేవాళ్లు. అందుకు వాళ్లకు మాన్యం భూములుండేవి. ఆస్థానంలో ఎంటెంగా అనే డోళ్ల వరుస ఉండేది. స్వరాలు పలికేలా శ్రుతి చేసిన 12 డోళ్ల మీద నలుగురు అమడిండా పద్ధతిలోనే పాటలు వాయించేవాళ్లు. ఇంకో మూడు డోళ్ల మీద ఇద్దరు తోడు పట్టేవాళ్లు. అది రాజు కోసం మాత్రమే వాయించే సంగీతం, కోట దాటి బయటికి రాదు. 1966 మే 24న దేశాధ్యక్షుడు ఒబోటె ఆజ్ఞతో ఈదీ అమీన్ నాయకత్వంలో సైన్యం కోట మీద పడింది. రాజు రెండో ముటేసా తప్పించుకుని ఇంగ్లండు చేరి అక్కడే కన్నుమూశాడు. మరుసటి ఏడాది దేశంలో రాజ్యాలన్నిటినీ రద్దు చేశారు. వాద్యకారులు చెల్లాచెదురయ్యారు. వాయించమని పిలిచేవాళ్లు లేరు, భూమి భరోసా లేదు, ఆస్థాన వాద్యం వాయిస్తే రాజు మనిషివని ముద్ర పడే కాలం. ఆ అమీనే 1972లో భారతీయులకు 90 రోజుల గడువిచ్చి ఉగాండా నుంచి వెళ్లగొట్టాడు. మన పత్రికల్లో ఆ వెళ్లగొట్టడం గురించి ఎన్నోసార్లు చదివాం. అంతకు ఆరేళ్ల ముందు అదే మనిషి తుపాకుల ముందు తరాలనాటి సంగీతం ఒక్క రోజులో దిక్కులేనిదైందని మనకు ఎవరూ చెప్పలేదు.

1993లో బుగాండా రాజ్యం సాంస్కృతిక సంస్థగా తిరిగి వచ్చింది. కొత్త కబకాకు పట్టాభిషేకమూ జరిగింది. ఎంటెంగా మాత్రం తిరిగి రాలేదు. క్యాంబొగో విశ్వవిద్యాలయంలో సంగీతం బోధించే జేమ్స్ ఇసబిర్యే దాన్ని లేపడానికి పూనుకునేనాటికి పాత వాద్యకారుల్లో ముసిసి ముకలాజీ లివింగ్‌స్టన్ ఒక్కరే మిగిలారు. ఇసబిర్యే యువకులను పోగుచేసి ఆయన దగ్గర కూర్చోబెట్టారు. డోళ్లు చేయించారు. నైరోబీలోని కెటెబుల్ మ్యూజిక్ సంస్థ, లండన్ మిత్రులతో కలిసి నడిపే సింగింగ్ వెల్స్ అనే పథకం ఈ పనికి తోడు నిలిచింది. అలా ఎంటెంగా మళ్లీ మోగింది.

ఇందులో నాకు కనిపించే పాఠం ఇది. ట్రేసీ చేసిన ఎంటెంగా రికార్డులు మాత్రమే ఉండి ముసిసి లేకపోతే కుర్రవాళ్లకు ఎవరి చెయ్యి ఎక్కడ పడాలో చెప్పే దిక్కు లేదు. ముసిసి మాత్రమే ఉండి రికార్డులు లేకపోతే ఆరుగురు కలిసి చేసే మోత ఎలా ఉండేదో ఒక్క వృద్ధుడి జ్ఞాపకంలోంచే తవ్వుకోవాలి. రెండూ ఒకే గదిలో కలిసినప్పుడు సంగీతం లేచి నిలబడింది. ముసిసి పదేళ్ల ముందే పోయి ఉంటే అది కూడా జరిగేది కాదు. ఏ విశ్వవిద్యాలయం బడ్జెట్‌లోనైనా గురువు వయసును మించిన తొందర లేదు. యంత్రాలు వచ్చే ఏడాది కొనుక్కోవచ్చు.

నేను పనిచేసిన బుసోగాలో బిగ్వాలా కథ ఇంకో మెట్టు కిందికి వెళ్తుంది. బిగ్వాలా అంటే సొరకాయ బుర్రలను ఒకదానికొకటి అతికి చేసే పొడుగాటి బూరలు. ఒక్కో బూర ఒక్క స్వరమే పలుకుతుంది. అయిదుగురో అంతకన్నా ఎక్కువమందో తమ తమ వంతుకు ఒక్క స్వరం ఊదితే, అన్నీ కలిసి పాట అవుతుంది. బుసోగా రాజు పట్టాభిషేకానికీ అంత్యక్రియలకూ అవి మోగాలి. రాజ్యం రద్దయ్యాక అవసరం పోయింది, ఊదేవాళ్లు ముసలివాళ్లయ్యారు. 2012లో యునెస్కో దీన్ని తక్షణం కాపాడవలసిన వారసత్వాల జాబితాలో చేర్చింది. అప్పటికి ఆ విద్య తెలిసిన పెద్దలు చాలా కొద్దిమందే మిగిలారు. ఇక్కడ కూడా ఇసబిర్యే ముందుకొచ్చారు. అయితే నేర్పాలంటే బూరలు కావాలి, బూరలకు తగిన జాతి సొర పాదులు కావాలి. వాద్యం పోయాక ఆ పాదులు వేయడం జనం మానేశారు. అందువల్ల సంగీతాన్ని లేపే పథకంలో రైతుల చేత సొర పాదులు పెట్టించడం కూడా ఒక భాగమైంది.

చెరకు పని చేసినవాణ్ని కాబట్టి ఈ మాట నాకు బాగా తగిలింది. బుసోగాలో చెరకు ఇళ్ల గడపల దాకా వచ్చేయడం, పెరట్లో కాయగూరలకు చోటు తగ్గడం నా కళ్లతో చూశాను. ఒక బూర బతకాలంటే దాని విత్తనం ఎవరో ఒకరు ఏటా నాటుతూ ఉండాలి. ఏ డిజిటల్ ఫైలులోనూ ఆ విత్తనం ఉండదు. వాద్య పరిరక్షణకు ప్రణాళిక రాసేవాళ్లు వ్యవసాయ శాఖను, అటవీ శాఖను కూడా పిలిచి కూర్చోబెట్టాలని నేను అంటున్నది అందుకే. అమడిండాకు వాడే లుసాంబ్యా చెట్లు ఊరి బడి ఆవరణలో నాలుగు పెంచడం, సొర విత్తనాలను రైతులకు పంచడం రికార్డింగుకు అనుబంధాలుగా చూడకూడదు. అవి లేకపోతే వాద్యమే లేదు.

ఇక రికార్డులు తిరిగి రావడం సంగతి. కంపాలాలోని మకెరెరె విశ్వవిద్యాలయంలో సిల్వియా నన్యోంగా-తముసుజా వాక్స్‌మన్ పేరుతోనే ఒక సంగీత భాండాగారం ఏర్పాటు చేశారు. లండన్‌లో ఉన్న వాక్స్‌మన్ రికార్డుల ప్రతులు అక్కడికి చేరాయి. ట్రేసీ 1950లో కెన్యాలోని కెరిచో దగ్గర కప్కటెట్‌లో కిప్సిగిస్ అమ్మాయిల చేత పాడించిన పాట ప్రపంచమంతా తిరిగింది. అరవై ఏళ్లు దాటాక గానీ ఆయన సంస్థ, కెటెబుల్ కలిసి ఆ రికార్డులను ఆ ఊరికి తీసుకెళ్లలేదు. పాడినవాళ్లలో కొందరే అప్పటికి మిగిలారు. ఇంత ఆలస్యానికి సాంకేతిక కారణం ఏదీ లేదు. ఒక టేపుకు రెండో ప్రతి తీయడం 1950లోనూ చేతనైన పనే.

లండన్, బ్రస్సెల్స్ లాంటి చోట్ల పదిలంగా ఉంటాయి కదా, ఆఫ్రికాలో కరెంటు, తేమ, నిధుల కొరత ఉన్నాయి కదా అని ఒక వాదన ఉంది. దాన్ని తేలిగ్గా తీసిపారేయను. 2020 సెప్టెంబరులో మకెరెరె ప్రధాన భవనం అగ్నికి ఆహుతైంది. కానీ 2023 అక్టోబరులో బ్రిటిష్ లైబ్రరీ మీద సైబర్ దాడి జరిగి, ఆ లైబ్రరీ ఆన్‌లైన్‌లో వినిపించే శబ్దాల వెబ్‌సైటు చాలాకాలం మూతపడింది. ఏ ఊరూ ఏ దేశమూ పూర్తిగా పదిలం కాదని ఈ రెండు ఘటనలు చెబుతున్నాయి. ఒకే చోట ఉంచిన ప్రతి ఎక్కడున్నా ప్రమాదంలో ఉన్నట్టే. నాలుగు చోట్ల ప్రతులుండాలి, అందులో ఒకటి పాడినవాళ్ల జిల్లాలోనే ఉండాలి.

కాలం మారుతుంది, పాత వాద్యాలు పోతాయి, కొత్త పాటలు వస్తాయి, దీనికి ఎందుకింత బాధ అని మంచివాళ్లే అడుగుతుంటారు. జనం తమంతట తాము వదిలేసినదాని గురించి నేనూ పట్టుబట్టను. ఎంటెంగాను జనం వదిలేయలేదు, తుపాకులు వదిలించాయి. అవకాశం దొరికితే యువకులు దేన్ని ఎంచుకుంటారో ఎంబాయిరే చెబుతోంది. బుసోగాలోని నకిబెంబె అనే పల్లె బృందం వాయించిన ఎంబాయిరే 2023లో ఆల్బమ్‌గా వచ్చింది. ఎలక్ట్రానిక్ సంగీతం వినే కుర్రకారు దాన్ని ఆదరించారు. ఆ బృందం ఊళ్లో వేడుకల్లో వాయించే వాద్యాన్నే పట్టుకుని అంతదూరం వెళ్లింది.

ఆస్పత్రులూ బడులూ చాలని దేశంలో డోళ్లకు డబ్బా అని అడిగేవాళ్లున్నారు. ఖర్చు ఎంతో చూడండి. ఒక గురువుకు నెల జీతం, డోళ్లకు తోలు, చెక్కలకు కలప, పిల్లలకు వారానికి రెండు పూటలు బడిలో సమయం. మిల్లులో ఒక బేరింగు పోతే మార్చడానికి అయ్యే ఖర్చుతో ఒక ఊళ్లో ఏడాది శిక్షణ సాగుతుంది. లేనిది డబ్బు కన్నా ఎక్కువగా క్రమం తప్పని మద్దతు. పథకం పేరుతో ఒక ఏడాది నేర్పించి, ఫొటోలు తీసి, నివేదిక రాసి వెళ్లిపోతే నేర్చుకున్న పిల్లలకు రెండో ఏడాది వాయించే చోటే ఉండదు.

ఈ విషయం మనకు ఎందుకంటే, తూర్పు ఆఫ్రికా పాట రికార్డయిన కథలో భారతీయులు మొదటినుంచీ ఉన్నారు. సితి బింతి సాద్ రికార్డులు బొంబాయిలో పుట్టాయి. మొంబాసాలో అసానంద్ అండ్ సన్స్ ‘మ్జూరి’ పేరుతో స్వాహిలీ పాటల రికార్డులు విడుదల చేసింది. కెరిచోలో చందారాణా వారి దుకాణం కిప్సిగిస్, లువో పాటగాళ్ల రికార్డులు తీసింది. వాళ్లు వ్యాపారం కోసమే చేసి ఉండవచ్చు. ఆ రికార్డులు మాత్రం ఇప్పుడు ఆ ప్రజల చరిత్రలో భాగం. పోయిన రికార్డులను తిరిగి రప్పించుకున్న అనుభవం కూడా మనకుంది. విదేశీ పండితులు మన దేశంలో చేసుకెళ్లిన రికార్డుల ప్రతులను వెనక్కి తేవాలనే ఉద్దేశంతో 1982లో పుట్టిన సంగీత భాండాగారం ఇప్పుడు గురుగ్రామ్‌లో పనిచేస్తోంది. 1930లలో ఆర్నాల్డ్ బాకె మన దేశంలో చేసిన రికార్డుల ప్రతులు దానివల్లే తిరిగొచ్చాయి. ఆ పని నేర్చినవాళ్లు మకెరెరెకూ, నైరోబీకీ వెళ్లి తోడ్పడాలి. మన ప్రభుత్వం ఆఫ్రికా దేశాల ఉద్యోగులకు ఎన్నో రంగాల్లో శిక్షణ ఇస్తోంది. అందులో పాత టేపులను బాగుచేసే విద్య, భాండాగారం నడిపే విద్య చేర్చడం పెద్ద కష్టమేం కాదు.

కంపాలా, జింజా, నైరోబీ, దారెస్సలాంలలో ఇప్పుడు తెలుగువాళ్లు చాలామంది ఉన్నారు. ఇంజనీర్లు, అకౌంటెంట్లు, డాక్టర్లు, మందుల కంపెనీల వాళ్లు. ఉగాదికీ సంక్రాంతికీ సభలు చేసుకుంటారు, ఇండియా నుంచి గాయకులను విమానం టికెట్లు పెట్టి రప్పిస్తారు. నేనూ ఆ సభల్లో ముందు వరసలో కూర్చున్నవాణ్నే. వాళ్లను నేను కోరేది ఇది. ప్రతి ఉగాది సభకూ ఆ జిల్లాలోని ఒక వాద్య బృందాన్ని పిలవండి. మన గాయకులకిచ్చినంత గౌరవంగా పారితోషికం ఇవ్వండి. వాయించిన ప్రతి ఒక్కరి పేరునూ ఆహ్వాన పత్రం మీద అచ్చు వేయండి. రికార్డు చేస్తే మొత్తం బృందాన్ని ఒకసారి, ఒక్కొక్కరి వరసను ఒకసారి చేయండి. ప్రతులు ఆ బృందానికీ, వాళ్ల ఊరి బడికీ, మకెరెరె లాంటి భాండాగారానికీ చేర్చండి. మిల్లులు, ఫ్యాక్టరీలు నడిపేవాళ్లు తమ ఆవరణ పక్కనున్న బడిలో ఒక పెద్దాయనకు సంగీత గురువుగా జీతం ఇవ్వండి. ఒక ఏడాదికి ఇచ్చి ఊరుకోకుండా, ఆయన దగ్గర నేర్చుకున్న పిల్లల్లో ఒకరు ఆయన స్థానంలో కూర్చునేదాకా ఇవ్వండి. ఆ మట్టి మీద బతుకుతున్న మనం ఆ మట్టి సంగీతానికి ఇంతమాత్రం చేయడం న్యాయం.